సూరత్ అభివృద్ధి ప్రణాళిక 2035: పటంపై రంగు మారితే పొలానికి ఏమవుతుంది?

సూరత్: తాపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరంలో ఏ సర్వే నంబరులో ఇల్లు కట్టుకోవచ్చు, ఎక్కడ మరమగ్గం నడపవచ్చు, ఏ పొలం పొలంగానే మిగలాలి అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పే పత్రం ఒకటుంది. దాని పేరు ‘అభివృద్ధి ప్రణాళిక 2035’. సూరత్ పట్టణాభివృద్ధి సంస్థ (సుడా) రూపొందించిన ఈ ప్రణాళికకు గుజరాత్ ప్రభుత్వం 2020లో తుది ఆమోదం తెలిపింది. ముసాయిదా వెలువడిన నాటి నుంచి ఆమోదం లభించే వరకు చుట్టుపక్కల గ్రామాల రైతులు దీనిపై ఆందోళనలు చేశారు. తుది రూపంలో ప్రభుత్వం కొన్ని కేటాయింపులను వదులుకుంది. ఆ వివాదం అప్పటికి చల్లారినా, దాని మూలంలోని చిక్కు నేటికీ సజీవంగానే ఉంది.

ఈ విషయం తెలుగువారికి పరాయిది కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతోంది. కింద మగ్గాలు, పైన గదులు ఉండే ఈ పేటల భవిష్యత్తు కూడా ఆ పటంలోనే ఉంది.

పెరిగిన నగరం, ఆలస్యమైన పటం

సూరత్ ఎంత వేగంగా పెరిగిందో తెలిస్తేనే ప్రణాళిక ఎందుకు అవసరమైందో అర్థమవుతుంది. 2001 జనగణనలో నగర జనాభా సుమారు 24 లక్షలు. 2011 నాటికి అది 44 లక్షలు దాటింది. ఈ పెరుగుదలలో కొంత భాగం పరిధి విస్తరణ వల్ల వచ్చింది. నగరపాలక సంస్థ విస్తీర్ణం 2006కు ముందు 112 చదరపు కిలోమీటర్లు. 2006లో 326 చదరపు కిలోమీటర్లకు చేరింది. 2020లో 27 గ్రామ పంచాయతీలను, సచిన్, కనక్‌పుర్–కన్సాడ్ పురపాలికలను కలుపుకొని దాదాపు 460 చదరపు కిలోమీటర్లు దాటింది. అంటే పదిహేనేళ్లలోపే నగరం కొలతలో నాలుగు రెట్లయింది. నిన్నటి వరకు చెరకు, వరి పండిన నేల ఒక ప్రభుత్వ ప్రకటనతో నగరంలో భాగమైంది.

ఈ వేగంతో పటం పోటీ పడలేకపోయింది. గుజరాత్ పట్టణ ప్రణాళిక, పట్టణాభివృద్ధి చట్టం 1976లో వచ్చింది. దాని కింద సుడా 1978లో ఏర్పడింది. తొలి అభివృద్ధి ప్రణాళికకు 1986లో, సవరించిన ప్రణాళికకు 2004లో, ప్రస్తుత ప్రణాళికకు 2020లో ఆమోదం లభించింది. పదేళ్లకోసారి కనీసం ఒక్కసారి ప్రణాళికను పునఃపరిశీలించాలని ఆ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. ఆచరణలో మొదటి విరామం పద్దెనిమిదేళ్లు, రెండోది పదహారేళ్లు. 2035 వరకు మార్గం చూపవలసిన పత్రం చేతికి వచ్చేసరికి మిగిలిన గడువు పదిహేనేళ్లే.

ఆలస్యాన్ని కేవలం కార్యాలయాల జాప్యంగా తీసిపారేయలేము. పాత పటం అమలులో ఉన్నంతకాలం పాత నియమాలే వర్తిస్తాయి. ఈలోగా నగరం ఆగదు. వ్యవసాయ మండలంగా గుర్తించిన చోట అనుమతి లేని లేఅవుట్లు వెలుస్తాయి, గదులు కట్టి అద్దెకిస్తారు, షెడ్లు వేసి మగ్గాలు బిగిస్తారు. కొత్త పటం గీసేవారు ఆ కట్టడాలను చూసీ చూడనట్టు వదిలేయడమో, రోడ్డు గీతను పక్కకు జరపడమో చేయవలసి వస్తుంది.

ప్రణాళికను ఆమోదించేది ఎవరు?

నగర ప్రణాళిక అంటే నగర ప్రజాప్రతినిధులు చర్చించి, ఓటు వేసి ఆమోదించే పత్రమని చాలామంది భావిస్తారు. అమెరికాలో, ఐరోపాలోని అనేక నగరాల్లో జరిగేది అదే. 74వ రాజ్యాంగ సవరణ కూడా ఆ ఆశనే కల్పించింది. పురపాలికలకు బదిలీ చేయదగిన 18 విధులతో పన్నెండో షెడ్యూలును చేర్చి, అందులో మొట్టమొదటి అంశంగా పట్టణ ప్రణాళికనే పేర్కొంది. మహానగర ప్రాంతాలకు ప్రత్యేకంగా ప్రణాళికా సంఘాలు ఉండాలని, వాటిలో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులను మున్సిపల్, పంచాయతీ ప్రతినిధులు తమలో నుంచి ఎన్నుకోవాలని నిర్దేశించింది. ఆ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది.

సూరత్‌లో వాస్తవం వేరు. ప్రణాళికను రూపొందించే బాధ్యత సుడాది. దానికి అధ్యక్షుణ్ని రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. నగర మున్సిపల్ కమిషనరే సాధారణంగా ఆ పదవిలో ఉంటారు. ముసాయిదా ప్రచురించిన తర్వాత రెండు నెలల పాటు ప్రజలు సూచనలు, అభ్యంతరాలు తెలపవచ్చు. వాటిని పరిశీలించి మార్పులు చేసిన ప్రతి రాష్ట్ర ప్రభుత్వానికి వెళుతుంది. దానిని యథాతథంగా మంజూరు చేయడం, వెనక్కి పంపడం, మార్చి మంజూరు చేయడం, తిరస్కరించడం ఈ నాలుగూ గాంధీనగర్ చేతిలోనివే. తుది మంజూరు తర్వాత సైతం ప్రజాప్రయోజనం కారణంగా ప్రణాళికను సవరించే అధికారం 19వ సెక్షన్ కింద ప్రభుత్వానికే ఉంది. ఒక్క సర్వే నంబరు రంగు మార్చడానికి కూడా ఈ మార్గాన్నే వాడుతుంటారు.

మరి 30 వార్డుల నుంచి ఎన్నికైన 120 మంది కార్పొరేటర్ల పాత్ర ఏమిటి? అది తక్కువదేమీ కాదు, అయితే రెండో అంచెలో మొదలవుతుంది. అభివృద్ధి ప్రణాళిక పెద్ద పటం. ఆ పటంలోని ఒక్కో తునకను వీధులుగా, ప్లాట్లుగా విడదీసేది ‘టౌన్ ప్లానింగ్ స్కీమ్’. నగర పరిధిలో ఈ స్కీములను చేపట్టేది నగరపాలక సంస్థే. స్కీము చేపట్టాలన్న సంకల్పాన్ని ప్రకటించడం, ముసాయిదాను ఆమోదించడం, రోడ్లకు, మురుగుకాల్వలకు నిధులు కేటాయించడం వంటి తీర్మానాలు కార్పొరేటర్ల ముందుకు వస్తాయి. రైతుకు, ఇంటి యజమానికి నేరుగా తగిలే నిర్ణయాలు ఇవే. సూరత్‌లో సగటు భూయజమాని తన స్థలాన్ని సర్వే నంబరుతో కాక టీపీ నంబరు, ఎఫ్‌పీ నంబరుతో చెప్పడం ఇందుకే.

వందలో నలభై

టౌన్ ప్లానింగ్ స్కీము ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూడాలి. తెలుగు రాష్ట్రాల పాఠకులకు భూసేకరణ తెలుసు, అమరావతి తర్వాత భూసమీకరణ తెలుసు. ఇది ఆ రెండింటికీ భిన్నమైనది. మూలాలు 1915 నాటి బొంబాయి పట్టణ ప్రణాళిక చట్టంలో ఉన్నాయి; మహారాష్ట్రలో క్రమంగా మూలపడిన ఈ పద్ధతిని గుజరాత్ నిలబెట్టుకుంది. అహ్మదాబాద్ చుట్టూ 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్ రోడ్డు, 2001 భూకంపం తర్వాత భుజ్ పాత పట్టణపు వీధులు రూపుదిద్దుకున్నది ఈ పద్ధతిలోనే. సూరత్ వెలుపలి రింగ్ రోడ్డుకు కూడా ఇదే ఆధారం.

సుమారు వంద హెక్టార్ల ప్రాంతాన్ని ఒక స్కీముగా తీసుకుంటారు. అందులోని పొలాలన్నింటినీ కాగితం మీద కలిపేస్తారు. రోడ్లకు 15 శాతం, ఉద్యానాలకు, ఆటస్థలాలకు 5 శాతం, పాఠశాల, ఆసుపత్రి వంటి సామాజిక అవసరాలకు 5 శాతం, సంస్థ అమ్ముకుని స్కీము ఖర్చు రాబట్టుకోవడానికి 15 శాతం చొప్పున కేటాయించవచ్చని చట్టం సూచిస్తోంది. మొత్తం 40 శాతం. బలహీన వర్గాల గృహాలకు పది శాతం లేదా దానికి దగ్గరగా కేటాయించవచ్చన్న నిబంధన వేరుగా ఉంది. అవసరాన్ని బట్టి ఈ నిష్పత్తులు మారవచ్చు. మిగిలిన భూమిని చతురస్రంగా, దీర్ఘచతురస్రంగా, ప్రతి ప్లాటుకూ రోడ్డు తగిలేలా తీర్చి, వీలైనంత వరకు పాత స్థలానికి దగ్గరలోనే యజమానులకు తిరిగి ఇస్తారు. పాత పొలం ‘అసలు ప్లాటు’, తిరిగి వచ్చింది ‘తుది ప్లాటు’.

లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. ఒక రైతుకు 10,000 చదరపు మీటర్ల పొలం ఉంది. ధర చదరపు మీటరు 5,000 రూపాయలు. విలువ 5 కోట్లు. స్కీములో 40 శాతం పోయి 6,000 చదరపు మీటర్ల తుది ప్లాటు వచ్చింది. కోల్పోయిన 4,000 చదరపు మీటర్లకు పాత ధరన 2 కోట్ల పరిహారం రావాలి. అయితే రోడ్డు, నీరు, డ్రైనేజీ వచ్చాక ధర 12,000 అవుతుందని అంచనా వేశారనుకుందాం. చదరపు మీటరుకు 7,000 చొప్పున 6,000 మీటర్లకు పెరిగిన విలువ 4.2 కోట్లు. ఈ పెరుగుదలలో గరిష్ఠంగా సగం వరకు, అంటే 2.1 కోట్లు, స్కీము ఖర్చులకు వాటాగా వసూలు చేయవచ్చు. రావలసిన 2 కోట్లను, ఇవ్వవలసిన 2.1 కోట్లను సరిపెడితే రైతే పది లక్షలు చెల్లించాలి. చేతికి డబ్బు రాదు, కానీ 7.2 కోట్ల విలువైన, రోడ్డు ఉన్న ప్లాటు ఉంటుంది. ప్రభుత్వానికి భూమి కొనే భారం ఉండదు. 2013 భూసేకరణ చట్టం పరిహారాన్ని పెంచిన తర్వాత అధికారులకు ఈ పద్ధతి మరింత ఆకర్షణీయమైంది.

లెక్క బాగుంది. చిక్కంతా కాలంలో ఉంది. స్కీముకు ముసాయిదా, ప్రాథమిక, తుది దశలు ఉంటాయి. పరిహారమూ వాటా చివరి దశలో తేలుతాయి. దానికి పదేళ్లు, కొన్నిచోట్ల అంతకు మించి పడుతుంది. ముసాయిదా మంజూరు కాగానే రోడ్లకు, కాల్వలకు కావలసిన నేల సంస్థ ఆధీనంలోకి వెళ్లేలా చట్టాన్ని సవరించారు. అందువల్ల రోడ్డు ముందే పడుతుంది, రైతు హక్కుపత్రం వెనుక వస్తుంది. అదీగాక, 12,000 రూపాయల ధర ఎవరికి? ఎదురుచూడగల స్తోమత ఉన్నవారికి. రెండెకరాల మీదే ఇంటిల్లిపాది బతికే కుటుంబం మధ్యలోనే అమ్ముకుంటే, పెరిగిన విలువ కొన్నవారి ఖాతాలోకి పోతుంది. ఆ పొలంలో కూలి చేసిన హల్పతి కుటుంబానికి అసలు ప్లాటూ లేదు, తుది ప్లాటూ లేదు. ఈ పద్ధతిని మెచ్చుకునే వ్యాసాల్లో వీరి ప్రస్తావన అరుదు.

అమరావతితో పోలిస్తే తేడా స్పష్టమవుతుంది. అక్కడ 2015లో రైతులు స్వచ్ఛందంగా ఒప్పందాలపై సంతకాలు చేశారు. ఎకరాకు మెట్టభూమికి వెయ్యి గజాల నివాస, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబు భూమికి వెయ్యి గజాల నివాస, 450 గజాల వాణిజ్య స్థలం హామీగా లభించింది. అంటే ఎకరాలో పావు నుంచి మూడు పదుల శాతం వరకు. పదేళ్ల కౌలు కూడా చెల్లించాలన్నది నిబంధన. సూరత్ రైతుకు తిరిగి వచ్చే వాటా అరవై శాతం వరకు ఉండవచ్చు, కౌలు ఉండదు. సంతకం కూడా అవసరం లేదు. స్కీము ప్రకటించాక అభ్యంతరం చెప్పవచ్చు గానీ, బయట ఉంటానని చెప్పే అవకాశం లేదు.

పదేళ్ల గడువు

రైతుల ఆగ్రహానికి అసలు కారణం స్కీముల కన్నా నేరుగా జరిగే కేటాయింపులు. అభివృద్ధి ప్రణాళికలో కొన్ని సర్వే నంబర్లను ఉద్యానానికి, మార్కెట్‌కు, ప్రభుత్వ గృహాలకు అని గుర్తిస్తారు. భూమి యజమాని పేరునే ఉంటుంది, సాగు చేసుకోవచ్చు. కానీ ఇల్లు కట్టడానికి అనుమతి రాదు, బ్యాంకు తనఖాకు వెనుకాడుతుంది, కొనేవాడు సగం ధర అడుగుతాడు. ప్రభుత్వం కొనదు, కొననీయదు.

ఈ స్థితికి చట్టంలో ఒక విరుగుడు ఉంది. తుది ప్రణాళిక అమలులోకి వచ్చిన పదేళ్లలోగా భూమిని ఒప్పందంతో తీసుకోకపోయినా, సేకరణ ప్రక్రియ ప్రారంభించకపోయినా, యజమాని నోటీసు ఇవ్వవచ్చు. ఆ తర్వాత ఆరు నెలల్లోనూ చర్య లేకపోతే కేటాయింపు రద్దయినట్టే. ప్రణాళికను సవరిస్తే ఈ పదేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కించాలా అన్న ప్రశ్న భావ్‌నగర్ విశ్వవిద్యాలయం, పాలితానా చక్కెర మిల్లు మధ్య వివాదంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 2002 చివరలో వెలువడిన తీర్పు యజమాని పక్షాన నిలిచింది: సవరణ పేరుతో అదే భూమిపై కేటాయింపును పొడిగించి, యజమానికి లభించిన హక్కును హరించరాదని పేర్కొంది.

సూరత్‌కు ఈ లెక్కను వర్తింపజేస్తే ఒక ఆసక్తికరమైన సంవత్సరం కనిపిస్తుంది. ప్రణాళిక పేరులో ఉన్నది 2035. కానీ 2020లో అమలులోకి వచ్చిన కేటాయింపులకు పదేళ్లు నిండేది 2030లో. చట్టం కోరిన పునఃపరిశీలనకు గడువూ అదే. భూమి కొనడానికి డబ్బు పెట్టాలా, వదులుకోవాలా అన్న నిర్ణయం ప్రణాళిక మధ్యలోనే తీసుకోవలసి ఉంటుంది.

తెలంగాణలో ఇటువంటి ఉద్రిక్తత మరో రూపంలో బయటపడింది. 2023 జనవరిలో కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలను పారిశ్రామిక తదితర మండలాల్లో చేర్చారని రైతులు కలెక్టరేట్‌ను ముట్టడించారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. అదే నెలలో పురపాలక మండలి ముసాయిదా రద్దు కోరుతూ తీర్మానించింది. చిన్న పట్టణంలో కౌన్సిలర్లు రైతుల ఊళ్లవారే. ఒత్తిడి నేరుగా తగిలింది. సూరత్ రైతులు మాత్రం నగర మండలిని దాటి గాంధీనగర్ తలుపు తట్టవలసి వచ్చింది.

పటానికి లొంగని నీరు

ప్రణాళికను పరీక్షించే మరో శక్తి తాపీ. 2006 ఆగస్టులో ఎగువన ఉకాయ్ జలాశయం నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు వదలడంతో నగరంలో అత్యధిక భాగం మునిగిపోయింది. నదికి గట్లు కట్టడం ఒక జవాబు. నది పొంగే నేలలో కట్టడాలను నియంత్రించడం మరొకటి. మొదటిది ఇంజినీర్ల పని, రెండోది ప్రణాళిక పని, అందుకే రెండోది కష్టం. నది ఒడ్డు స్థలాలే నగరంలో ఖరీదైనవి.

నది కన్నా తరచుగా ఇబ్బంది పెట్టేవి ‘ఖాడీ’లు, అంటే నగరం గుండా సముద్రం వైపు పోయే వాగులు. మీఠీ ఖాడీ పొంగితే మొదట నీరు చేరేది లింబాయత్ వైపు. తెలుగు నేత కుటుంబాలు ఉండేది ఆ చుట్టుపక్కలే. మగ్గం మోటారు నేల మీద ఉంటుంది కాబట్టి మోకాలి లోతు నీరు వచ్చినా నష్టమే. చౌకగా దొరికే నేల పల్లపు నేల కావడం, పల్లంలోనే కూలివాడల పుట్టుక జరగడం ఏ నగరంలోనైనా ఉన్నదే. ఖాడీ అంచున ఎంత ఖాళీ వదలాలో పటం చెబుతుంది. ఆ ఖాళీ నిజంగా ఉందో లేదో ప్రతి వానాకాలం చూపుతుంది.

పటంలోని రంగుకు, నేలపై జరిగే పనికి మధ్య దూరం ఎంత ప్రమాదకరమో సూరత్ 2019 మే 24న చూసింది. సర్థాణాలోని ఒక వాణిజ్య సముదాయం పై అంతస్తులో కోచింగ్ తరగతులు జరుగుతుండగా మంటలు చెలరేగి 22 మంది విద్యార్థులు మరణించారు. భవన అనుమతులు, అగ్నిమాపక తనిఖీలకు సంబంధించి మున్సిపల్ అధికారులపైనా కేసులు నమోదయ్యాయి.

ఇప్పుడు దక్షిణాన ఖజోద్ వద్ద 2023 డిసెంబరులో ప్రారంభమైన వజ్రాల వాణిజ్య కేంద్రం, సర్థాణా నుంచి డ్రీమ్ సిటీకి, భేసాణ్ నుంచి సరోలీకి నిర్మిస్తున్న 40 కిలోమీటర్ల మెట్రో, అంత్రోలీ వద్ద బుల్లెట్ రైలు స్టేషన్ నగరపు బరువును కొత్త దిక్కులకు లాగుతున్నాయి. నీతి ఆయోగ్ తోడ్పాటుతో 2024లో సూరత్ చుట్టుపక్కల జిల్లాలన్నింటికీ కలిపి ఆర్థిక ప్రణాళిక విడుదలైంది. ఇవన్నీ భూవినియోగ పటంపై ఒత్తిడి పెంచేవే. స్టేషన్ పక్కన పొలం ఉన్నవారు రంగు మార్చమని అడుగుతారు. రోడ్డు గీత కింద ఇల్లు ఉన్నవారు గీత మార్చమని అడుగుతారు.

సూరత్‌లో స్థలం కొనేవారు, లేదా సొంత ఇంటిపై మరో అంతస్తు వేయదలచినవారు ముందుగా చూడవలసిన పత్రాలు మూడు. సుడా లేదా నగరపాలక సంస్థ ఇచ్చే మండల ధ్రువపత్రం, ఆ సర్వే నంబరు చుట్టూ రోడ్లనూ కేటాయింపులనూ చూపే పాక్షిక పటం, స్కీము అమలులో ఉంటే అసలు, తుది ప్లాట్ల వివరాల పట్టిక. తుది ప్లాటు ముసాయిదా దశలోనే ఉందా, ప్రాథమిక దశ దాటిందా అన్నది ప్రత్యేకంగా అడిగి తెలుసుకోవాలి; ముసాయిదా దశలో హద్దులు మారవచ్చు. కొత్త స్కీము వచ్చినా, ప్రణాళిక సవరణకు వచ్చినా అభ్యంతరాలు కోరే ప్రకటన రాజపత్రంలోనూ స్థానిక పత్రికల్లోనూ వెలువడుతుంది. అది ప్రధానంగా గుజరాతీలో ఉంటుంది, దానికి ఇచ్చే గడువు పరిమితం.